తాతగారి కటారుకు తుపాకీ గొట్టాలున్నాయి, కేసవుతుందా?

ఉదయగిరి నుంచి ఒకాయన రాశారు: పాత మిద్దె పడగొడుతుంటే అటక మీద ట్రంకుపెట్టెలో, గుడ్డలో చుట్టిన కటారు, అంటే పిడికిట్లో పట్టుకుని పొడిచే బాకు, దొరికిందట. కత్తికి అటొకటి ఇటొకటి జానెడు గొట్టాలు. బావమరిదేమో ఆన్‌లైన్‌లో అమ్మేద్దామంటున్నాడు. ఇంట్లో ఉంచుకుంటే కేసవుతుందా అని అడిగారు.

అన్నిటికంటే ముందు, గొట్టంలో పుల్ల పెట్టి చూడకండి, తుప్పు వదిలించకండి. లోపల మిగిలిన తుపాకీమందు పొడిగా ఉంటే ఎన్నో ఏళ్ల తర్వాత కూడా పేలుతుంది. 18, 19 శతాబ్దాల్లో మన దేశంలో చేసిన ఇలాంటి కటారుల్లో కొన్నిటికి పిడిలోని అడ్డకడ్డీలను పిడికిట్లో బిగిస్తే చాలు, అదే ట్రిగ్గర్. పిల్లలకు అందనివ్వకండి.

ఇక చట్టం. కత్తి వరకైతే నాకంత టెన్షన్ లేదు, 1959 ఆయుధాల చట్టం 4వ సెక్షన్ కింద అలాంటివాటికి లైసెన్సు ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే కావాలి. చిక్కంతా ఆ గొట్టాలతోనే. పాతకాలపు ఆయుధాలకు 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, కానీ ఆ సెక్షన్ చివరిదాకా చదవాలి: రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. అంటే మీది ఇప్పుడు పేలకపోవడం సరిపోదు, ఒక కమ్మరి బాగుచేస్తే పేలేటట్టుంటే అది తుపాకీయే. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష 2 నుంచి 5 ఏళ్లు. అమ్మితే ఇంకా పెద్ద నేరం. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం విదేశీయులెవరికో పంపడం కూడా కుదరదు.

అది పేలుతుందో లేదో తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు, ఆయుధాలు తెలిసిన పోలీసు నిపుణుడు. అందుకే దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు దొరికిందో రాసి, ఫోటో జతచేసి, స్టేషన్‌లో ఎస్ఐ గారికి ఇచ్చి, రసీదు వేయించుకున్న కాపీ జాగ్రత్త చేసుకోండి. వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. పనికిరానిదని రాతపూర్వకంగా తేలితే తిరిగి అడగవచ్చు. తుపాకీయే అని తేలితే కలెక్టర్ దగ్గర లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు, లేదా పురావస్తు శాఖ మ్యూజియానికి ఇస్తామని రాయవచ్చు. నన్నడిగితే మ్యూజియానికే ఇవ్వమంటాను, అలాంటి పనితనం పదిమంది చూడాలి.

ఇంకో సంగతి. మీరు అటక మీద అన్నారు కాబట్టి సరే, గోడలోనో నేలలోనో దాచినది బయటపడి ఉంటే మాత్రం 1878 గుప్తనిధుల చట్టం కింద కలెక్టర్‌కు చెప్పాల్సి వస్తుంది. అందుకే అర్జీలో దొరికిన చోటు ఉన్నదున్నట్టు రాయండి. మీ బావమరిది ఇప్పటికే అమ్మకానికి పెట్టి ఉంటే ఈ రాత్రికే తీసేయించండి.