పాప మీకు చెప్పుకుంది, ఇప్పుడేం చేయాలంటే

మేడమ్, మూడో తరగతి పాప తన బంధువు చేసిన లైంగిక వేధింపు గురించి మీకు చెప్పిందని, హెచ్‌ఎం గారు "మనకెందుకండీ ఈ గొడవ" అంటున్నారని, మీకు నిద్ర పట్టడం లేదని రాశారు. దీనికి ఆయన అనుమతి అక్కర్లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. దాస్తే 21వ సెక్షన్ కింద మీ మీదే కేసు పెట్టొచ్చు. ఈరోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

పాపను మాత్రం గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఇక్కడ ముట్టుకున్నాడా?" అంటూ మనం అందించే మాటలు రేపు కోర్టులో ఆమెకే అడ్డం తిరుగుతాయి. తను అన్నది అన్నట్టే, తేదీ, టైముతో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, అది నిలబెట్టుకోలేరు. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అంటే చాలు.

పోలీసులంటే భయపడుతున్నారు కదా, వాంగ్మూలం యూనిఫాం లేకుండా, పాప ఇంట్లోనో తను కోరిన చోటో తీసుకోవాలి. హైదరాబాద్‌లోనైతే 2016 నుంచి భరోసా సెంటర్ ఉంది, కౌన్సెలింగ్, వైద్య పరీక్ష, పోలీసు సాయం ఒకేచోట. కేసు నడిచినన్నాళ్లూ తోడుండే సపోర్ట్ పర్సన్ కావాలని బాలల సంక్షేమ సమితిని అడగండి.

ఇక మీ సంగతి. ఇలాంటివి విన్నవాళ్లకు టెన్షన్ రాకుండా ఉండదు. స్టాఫ్ రూమ్‌లో చెప్పుకునే విషయం కాదిది, ఊరంతా పాకుతుంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, అంటే 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పాప పేరు చెప్పకుండానే మాట్లాడొచ్చు.