నాన్న చేతిలో కాటా

"మా నాన్నే మా కోచ్. కుస్తీలో అన్నయ్య ఆడేది 65 కిలోల విభాగం, నేను ఆడేది 53. మామూలుగా నేను 58 ఉంటాను. పొద్దున్నే నాన్న కాటా ఎక్కిస్తారు, అంకె నచ్చితేనే పలకరిస్తారు. పోటీకి వారం ముందు తిండి, నీళ్లు తగ్గించగానే ఊరికే ఏడుపొస్తుంది, అమ్మ మీద అరుస్తాను. అన్నయ్య కసిరితే 'ఆ కసి ఉండాలి' అనే నాన్న, నేను కసిరితే పొగరంటారు. పోటీ అయ్యాక రాత్రిళ్లు దొంగచాటుగా తిని కుమిలిపోతున్నాను. ఐదు నెలలుగా నెలసరి లేదు. అమ్మకే తెలుసు. కోపం తగ్గడానికి ధ్యానం ఏదైనా చెప్పండి." - 21 ఏళ్ల రెజ్లర్

ధ్యానం సంగతి తర్వాత చూద్దాం తల్లీ. కడుపు మాడుతుంటే కళ్లు మూసుకున్నా కనిపించేది కంచమే.

నీది పొగరు కాదు, ఆకలి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లని ఆర్నెల్లు అర్ధాకలితో ఉంచి చూశారు. నెమ్మదస్తులు కూడా చీటికీ మాటికీ చిరాకుపడ్డారు, నలుగురిలో కలవడం మానేశారు, వంట పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మళ్లీ కడుపునిండా పెట్టాక ఎంత తిన్నా కొందరికి తృప్తి కలగలేదు. నీ దొంగచాటు తిండీ అదే. పైగా నువ్వు నీళ్లు కూడా మానేస్తున్నావు.

ఉత్తరంలో నేను ఆగిపోయింది నాన్న దగ్గర. ఒకే ఆకలి కొడుకులో కసి, కూతురిలో పొగరు ఎలా అయింది? నెలసరి ముందు చాలామందికి ఒంట్లో నీరు నిలిచి కాటా కాస్త ఎక్కువే చూపిస్తుంది. కోచ్‌కి అది తెలిసి ఉండాలి. అమ్మ చెప్పలేదు, నువ్వు సిగ్గుపడ్డావు. ఐదు నెలలు ఆగిపోవడమంటే తిండి చాలక ఒళ్లు ఒక్కో పని మానేస్తోందని. తర్వాతి వంతు ఎముకలది.

అలాగని అన్నయ్య బాగున్నాడనుకోకు. కసి అని మెచ్చుకుంటున్నారు కాబట్టి అతను ఏడవను కూడా లేడు. 1997లో అమెరికాలో దాదాపు నెల రోజుల్లో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు దించుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముగ్గురూ మగపిల్లలే. వేడి గదిలో ఒళ్లంతా ప్లాస్టిక్ సూటు తొడుక్కుని చెమట పట్టించడం మీ ఇంట్లోనూ ఉంటే, ఇవాళే మానేయండి.

కన్నతండ్రికి ఎదురు చెప్పమని నేనెవరికీ తేలిగ్గా చెప్పను. కానీ పొద్దున్నే కూతుర్ని కాటా ఎక్కించి, అంకె నచ్చితేనే పలకరించే హక్కు ఏ తండ్రికీ లేదు. "నాన్నా, ఈసారి 57లో ఆడతాను" అను. అడగకు, చెప్పు. ఆయన అలుగుతారు. అలగనీ. నాలుగు రోజులు మాట్లాడకపోతే ఇంట్లో మిన్ను విరిగి మీద పడదు.

ఈ వారమే లేడీ డాక్టర్‌ని కలువు, పోటీ అయ్యాక కాదు. రాత్రి తిండి సంగతి కూడా దాచకుండా చెప్పు. సైకాలజిస్టు దగ్గరికి పంపితే వెళ్లు. అమ్మని తోడు తీసుకెళ్లకు, నాన్నని తీసుకెళ్లు. బయట కుర్చీలో కూర్చోబెట్టకుండా డాక్టర్ ఎదుట కూర్చోబెట్టు. ఐదు నెలల మాట ఆయన ముందే నువ్వే చెప్పు.