అమ్ములుకు పెదనాన్న ఉత్తరం: సాయం చేసే సంస్థలను నెట్‌లో వెతికేటప్పుడు

చిరంజీవి అమ్ములుకు,

మన విశాఖలోని మత్స్యకారుల పేట పెద జాలారిపేటలో సాయంత్రాలు నువ్వు చదువు చెప్పే పిల్లల సంగతి మీ నాన్న చెప్పాడు. వాళ్లకు కథల పుస్తకాలు కావాలట, ఒక పిల్లాడికి బోర్డు మీది అక్షరాలు ఆనడం లేదట. ఎన్‌జీఓల కోసం, అంటే స్వచ్ఛంద సేవా సంస్థల కోసం, నెట్‌లో వెతికి, ఏది నమ్మాలో తెలియక టెన్షన్ పడుతున్నావట కూడా. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ట్రస్టుల, సొసైటీల ఖాతాలు చూసినవాణ్ణి. రిటైరయ్యాక పెన్షనర్ల సంఘం తరఫున ఇలాంటి సంస్థల చుట్టూనే తిరుగుతున్నాను. అందుకే ఈ ఉత్తరం.

'వైజాగ్‌లో ఎన్‌జీఓలు' అని కొడితే పైన కనిపించేవి చాలావరకు ప్రకటనలు, ఎప్పటివో జాబితాలు. జరగాల్సిన పనేదో అదే కొట్టు: 'పిల్లలకు ఉచిత కంటి పరీక్ష విశాఖపట్నం'. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, వైజాగ్ అని మరోసారి. ఇలా చూస్తే హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, సింహాచలం రోడ్డులో శంకర్ ఫౌండేషన్ కనిపిస్తాయి. రెండూ లాభం కోసం నడిచేవి కావు. డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు.

పేరు తెలియని సంస్థ అయితే నీతి ఆయోగ్ వారి ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్ తెరువు. రిజిస్ట్రేషన్ నంబరు, ఎప్పుడు నమోదైంది, కార్యవర్గంలో ఎవరున్నారు, ఏ రంగంలో పనిచేస్తుంది, అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. అయితే ఆ వివరాలు సంస్థవాళ్లు తామే నింపినవి. దర్పణ్ ఐడీ ఉందంటే పనితనానికి ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదమ్మా. వెబ్‌సైటు చివర 'ఓఆర్‌జీ' ఉన్నా అంతే, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇంకో సంగతి గుర్తుంచుకో. మన జిల్లాను 2022 ఏప్రిల్ 4న మూడు ముక్కలు చేశారు కదా, పాత రికార్డుల్లో పాడేరు, అనకాపల్లి సంస్థలు ఇంకా విశాఖపట్నం కిందే కనిపిస్తాయి. ఊరి పేరు చూడకుండా ఫోన్ చేస్తే ఆ కాల్ ఎక్కడో కొండల్లోకి పోతుంది.

నాకు బాగా పనికొచ్చిన దారి మరొకటి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా వాడరు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్లు, ఆపైన లాభం వచ్చిన కంపెనీలు, లేదా 1,000 కోట్ల టర్నోవరో 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీలు, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సీఎస్ఆర్ అంటారే, అదే. ఆ డబ్బులో కొంత ఎన్‌జీఓల చేతుల మీదుగా వెళుతుంది. హెచ్‌పీసీఎల్ లాగా మన ఊళ్లో పెద్ద ప్లాంటు ఉన్న కంపెనీ వెబ్‌సైటుకి వెళ్లి 2020-21, 2021-22 వార్షిక నివేదికలు దించుకో. వాటిలో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. అందులో ఏ ప్రాజెక్టు, ఏ జిల్లా, ఎంత ఖర్చు, ఏ సంస్థ చేసింది అని వరుసగా పట్టిక. వందల పేజీలు చదవక్కర్లేదు, ఫైలులో 'విశాఖపట్నం' అని ఇంగ్లీషులో వెతుకు. తర్వాతి ఏళ్ల నివేదికల్లో ఆ పట్టిక తప్పనిసరి కాదు కాబట్టి కొందరు మానేశారు. ఆ రెండేళ్ల పట్టికలు చూస్తే, పిల్లల చదువు మీద మన దగ్గర నిజంగా డబ్బు ఖర్చు చేసిన సంస్థల పేర్లు నీ చేతికొస్తాయి. ఆ పేర్లు తీసుకెళ్లి దర్పణ్‌లో సరిచూసుకో.

పుస్తకాల కోసం మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే బొమ్మల కథలు బోలెడు. చదవడం కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొదటి లెవెల్‌వి చాలు. ప్రింటు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. అరవింద్ గుప్తా సైటులో పారేసే వస్తువులతో చేసే సైన్సు బొమ్మలున్నాయి. స్ట్రాలూ సీసా మూతలూ దొరికితే చాలు, మీ పిల్లలు వదలరు.

సంస్థకు రాసేటప్పుడు 'మీ సేవలు అమోఘం' అంటూ మొదలుపెట్టకు. ఇలా రాయి: 'పెద జాలారిపేటలో సాయంత్రం పాఠాలు చెబుతున్నాను. మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలున్నారు. బరువు లెక్క కట్టి ఇచ్చే పాత పుస్తకాలు వద్దు, తెలుగు కథల పుస్తకాలు కావాలి. మీరు వచ్చి చూడవచ్చు.' అంతే. పిల్లల ఫొటోలు, ఆధార్ నంబర్లు పంపకు. వాళ్ల పరువూ భద్రతా మన చేతుల్లో ఉన్నాయి. సాయం మంజూరైంది, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయ్. కొత్త సంస్థ అయితే ఆడిట్ చేసిన లెక్కలు చూపమని అడుగు. నిజాయితీగా నడిపేవాళ్లు దానికి కోపగించుకోరు.

ఎవరైనా పిల్ల ఇంట్లో దెబ్బలు తింటోందనో బడి మాన్పించి పనికి పంపుతున్నారనో తెలిస్తే వెతుకుతూ కూర్చోకు, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

పుస్తకాల కంటే ముందు ఆ పిల్లాడి కళ్ల సంగతి చూడు. ఈ వారంలోనే వాళ్లమ్మను వెంటబెట్టుకుని వెళ్లు. పొద్దున్నే వేట పడవలు వచ్చే వేళ ఆవిడకు తీరిక ఉండదేమో, ముందురోజే అడిగి పెట్టుకో. బయల్దేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఉచిత విభాగానికి ఏయే కాగితాలు తెచ్చుకోవాలో కనుక్కో.

ఆశీస్సులతో,
పెదనాన్న