పాత పికప్‌ను పైకి లేపాలనుకుంటున్న అల్లుడికి

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మామిడితోటకు పోయే బండిబాటలో నడిమి గడ్డకు పికప్ అడుగు తగులుతోందనీ, అందువల్ల దాన్ని 4 అంగుళాలు పైకి లేపించాలనుకుంటున్నాననీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. బండి బరువు మోసే ఇనుప పట్టీల (లీఫ్ స్ప్రింగుల) పనిలో నా జుట్టు నెరిసింది కాబట్టి నా మాట కాస్త ఓపికగా విను.

పానా పట్టుకొనే ముందు ఒకసారి బండి కిందికి దూరి, గీతలు ఎక్కడ పడ్డాయో చూడు. గీతలు ఛాసిస్ మీదో, సైలెన్సర్ గొట్టం మీదో, డీజిల్ ట్యాంకు మీదో ఉంటే కమాన్ కట్టలు, అంటే ఆ పట్టీల దొంతరలు, లేపడం వల్ల ప్రయోజనం ఉంటుంది. అవి వెనుక ఇరుసునూ గేర్లనూ కప్పే హౌసింగ్ గుండు మీద ఉంటే మాత్రం నువ్వు 4 కాదు, 6 అంగుళాలు లేపించినా ఆ గుండు వెంట్రుకవాసి కూడా పైకి రాదు, ఎందుకంటే హౌసింగ్ చక్రాల మధ్య కూర్చున్నది, దాని ఎత్తును నిర్ణయించేది టైరు ఒక్కటే. ఈ సంగతి తెలియక వేలకు వేలు పోసి లేపించుకొని, మళ్లీ అదే గడ్డకు అదే గుండు తగిలించుకొని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. గుండే తగులుతున్నట్లయితే ఆ డబ్బుతో జేసీబీని ఒక పూట పిలిపించి బాట నడిమి గడ్డ గీయించు.

గీతలు ఛాసిస్ మీదే ఉన్నాయనుకుందాం. అప్పుడు సమతలమైన నేల మీద ఖాళీ బండిని నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి రాసుకో. అన్నేళ్లు టమోటా క్రేట్లు, బెల్లం దిమ్మలు మోసిన బండి పట్టీలు వంపు పోయి చదునై ఉంటాయి. డ్రైవరు కూర్చునే కుడిపక్క మరికొంచెం దిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. కంపెనీ నుంచి వచ్చిన నాటి ఎత్తు ఇప్పుడు నీ బండికి లేనప్పుడు, నువ్వు లేపడం అనుకుంటున్న దాంట్లో సగం వరకు పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడమే అవుతుంది. కొత్త కట్టలు వేయించి మళ్లీ కొలువు; చాలామందికి అక్కడితోనే పని తీరిపోతుంది. పాత పట్టీలనే కాల్చి వంపు కొట్టించుకుంటే చవక అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కాల్చిన పట్టీకి మళ్లీ సరైన పదును పెట్టకపోతే నాలుగు లోడ్లకే అది మళ్లీ చదునైపోతుంది.

ఆ తరువాత కూడా చాలకపోతే వెనుక కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించవచ్చు, కాకపోతే ఖాళీగా పోయేటప్పుడు బండి రాయిలా ఎగురుతుంది. పట్టీలకూ హౌసింగ్‌కూ మధ్య ఇనుప దిమ్మ పెట్టే పద్ధతి వెనుకకు మాత్రమే, అదీ ఒక్క దిమ్మే. దాని మీద మరొకటి పేర్చకూడదు, ముందు యాక్సిల్‌కు దిమ్మ మాట ఎత్తనే కూడదు. పట్టీల కట్ట ఒక కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్ పొడవు పెంచితే పెంచినదాంట్లో దాదాపు సగమే ఎత్తు దక్కుతుంది, పైగా ఒక కొసే కదులుతుంది కాబట్టి ముందు యాక్సిల్ వాలు మారి, స్టీరింగ్ తనంతట తాను తిన్నబడే గుణం చెడవచ్చు. మొత్తం మీద 2 అంగుళాలకు మించవద్దని నా మాట.

పని మొదలుపెట్టే ముందు రాత్రే, కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టుల మీద డీజిల్ పోసి నాననివ్వు. జాకీతో లేపిన వెంటనే ఛాసిస్‌ను ఇనుప స్టాండ్ల మీద దించు. బోలు సిమెంటు ఇటుకలు హఠాత్తుగా పగులుతాయి, వాటిని నమ్మి బండి కింద పడుకోకు. పట్టీలన్నిటినీ నడుమ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు విప్పేటప్పుడు కట్టను క్లాంపుతో బిగించి ఉంచకపోతే పట్టీలు చిమ్ముకుంటాయి. విప్పాక ప్రతి పట్టీలోనూ ఆ రంధ్రం చుట్టూ కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడు. వెంట్రుకలాంటి సన్నని పగులు మొదట అక్కడే కనబడుతుంది. యూ బోల్టులు ఒకసారి సాగినవి మళ్లీ వాడకూడదు, కొత్తవి కొని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించు. పట్టీ కొసల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులను మాత్రం బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే పూర్తిగా బిగించాలి, లేదంటే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు గొట్టం. నా కుర్రతనంలో ఒక బండిని వెనుక లేపి, ఛాసిస్ నుంచి హౌసింగ్‌కు దిగే రబ్బరు గొట్టాన్ని చూడకుండానే రోడ్డెక్కించాను. షెడ్డులో నిలిచి ఉన్నప్పుడు అది బాగానే ఉంది. పలమనేరు నుంచి లోడుతో మొగిలి ఘాటు దిగుతుండగా ఒక గుంతలో చక్రం జారి హౌసింగ్ కిందికి వేలాడగానే గొట్టం కొస దగ్గర పిగిలింది, పెడలు నా కాలి కింద మెత్తగా లోపలికి పోయింది. రెండో గేరు, హ్యాండ్ బ్రేకు, కొండవైపు కాలువ కలిసి ఆ రోజు నన్ను కాపాడాయి. అందుకే పని అయ్యాక చక్రాలను పూర్తిగా వేలాడదీసి, గొట్టం వదులుగా ఉందో లేదో వేలితో లాగి చూడు. బిగుసుకుంటే పొడవైనది వేయించు. షాక్ అబ్జార్బర్లను కూడా ఆ స్థితిలోనే చూడు, అవి చివరిదాకా సాగిపోతే వాటికీ పొడవు చాలదు. లోడును బట్టి వెనుక బ్రేకును సర్దే వాల్వు ఉంటే దాని కడ్డీని కూడా కొత్త ఎత్తుకు సరిచేయాలి, లేకపోతే బండి ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్లే దానికి తోస్తుంది.

నడిపేటప్పుడు ఒక వేగం దగ్గర సీటు కింద వణుకు పుడితే, గేర్‌బాక్సు నుంచి వెనుక హౌసింగ్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారిందని అర్థం. పట్టీలకూ హౌసింగ్‌కూ మధ్య సన్నని వెడ్జ్ (ఏటవాలు ముక్క) పెట్టించి సరిచేయించు, షాఫ్ట్ కొసన ఉండే క్రాస్ కీలు అరిగేదాకా ఓర్చుకోకు. వీల్ అలైన్‌మెంట్ చేయించు, హెడ్‌లైట్లు కొంచెం దించు. యూ బోల్టులను 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరొకసారి బిగించు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్సువారు మొదట చూసేది అదే. ఇక శేషాచలం అంచున రాత్రిపూట ఎత్తుగా లేపిన పికప్ కనబడితే, ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసేవాళ్లకు నీ మామిడికాయలు ఎంత అమాయకంగా కనబడతాయో నువ్వే ఆలోచించుకో.

పట్టీలకు అడ్వాన్సు ఇవ్వకముందే ఆ నాలుగు కొలతలూ, అడుగున పడిన గీతల ఫోటోలూ నాకు పంపు. వీలైతే ఆదివారం పొద్దున్నే బండితోనే రా. అమ్మకు చెప్పి రెండు తోతాపురి కాయలు కూడా తీసుకురా, ఊరగాయకు పనికొస్తాయి.

ఇట్లు,
మీ మామయ్య