పర్ణశాలల పండుగ తెలిస్తే యోహాను 7, 8 అధ్యాయాలు వేరేగా వినిపిస్తాయి

సువార్తలు చదవాలంటే యూదుల ఆచారాలు తెలియడం నిజంగా అవసరమా, అవసరమైతే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. కథ అర్థం కావడానికైతే అక్కర్లేదండి, మా నాయనమ్మ ఇవేవీ తెలియకుండానే జీవితమంతా బైబిలు చదువుకుంది. కానీ ఫలానా మాట ఆ రోజే, ఆ చోటే ఎందుకన్నారు అని అడిగితే మాత్రం పండగల సంగతి తెలియకుండా జవాబు దొరకదు. అందుకే యోహాను సువార్తతో మొదలుపెట్టండి. పండగ పేరు కనపడ్డ చోటల్లా ఆగి, దాని గురించి పాత నిబంధనలో చదివి, అప్పుడు ముందుకెళ్లండి.

నేను సండే స్కూల్లో పెద్ద పిల్లలకు చెప్పేటప్పుడు ఏడో అధ్యాయమే తీసుకుంటాను. అది పర్ణశాలల పండుగ, లేవీయకాండం 23లో ఉంటుంది, ఏడు రోజులు పందిళ్లలో కాపురం. మనం మర్చిపోయేదేమిటంటే ఇది సెప్టెంబరు-అక్టోబరుల్లో వస్తుంది, మనకప్పటికి వానాకాలం అయిపోవస్తుంది గానీ యెరూషలేములో ఎండాకాలమంతా చుక్క పడదు, వానలు అప్పుడే మొదలవ్వాలి. అంటే తొట్లు అడుగంటి, జనమంతా ఆకాశం వైపు చూస్తున్న రోజుల్లో జరిగే పండగ.

ఆ వారం దేవాలయంలో ఏం జరిగేదో మిష్నాలో, అంటే యూదుల పెద్దల బోధలు కూర్చిన పాత గ్రంథంలో ఉంది. పొద్దున్నే యాజకుడు బంగారు పాత్రతో సిలోయము కోనేటి నీళ్లు ముంచుకొస్తాడు, నీటి గుమ్మం దగ్గరికి రాగానే బూరలు ఊదుతారు, బలిపీఠం దగ్గర రెండు వెండి పాత్రలు ఉంటాయి, ఒకదాంట్లో ఈ నీళ్లు, ఇంకోదాంట్లో ద్రాక్షారసం పోస్తారు. ఒకసారి ఒకాయన నీళ్లను పాత్రలో పోయకుండా కాళ్ల మీద పోసుకున్నాడట, పండగ కోసం చేతుల్లో పట్టుకొచ్చిన దబ్బపండ్లతోనే జనం అతన్ని కొట్టారట. అప్పట్నుంచి నీళ్లు పోసేవాణ్ని “చెయ్యి పైకెత్తు” అని అరిచేవాళ్లట, అందరికీ కనపడాలిగా! నీళ్ల విషయంలో జనం అంత పట్టుదలగా ఉండేవాళ్లన్నమాట.

ఇప్పుడు యోహాను 7:37 చదవండి. పండగ ఆఖరి రోజున, ఆ జనం మధ్య యేసు నిలబడి బిగ్గరగా “ఎవడైనను దప్పిగొనినయెడల నాయొద్దకు వచ్చి దప్పి తీర్చుకొనవలెను” అంటారు. అది ఏడో రోజా ఎనిమిదో రోజా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, నాకైతే ఎనిమిదో రోజైతేనే ఇంకా బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువమంది లెక్క ప్రకారం ఆ రోజు నీళ్లు పోయరు.

రాత్రిళ్లు సంగతి ఇంకా బాగుంటుంది. స్త్రీల ఆవరణంలో పెద్ద పెద్ద బంగారు దీపస్తంభాలు, ఒక్కోదానికి నాలుగేసి గిన్నెలు, కుర్ర యాజకులు నూనె కుండలు పట్టుకుని నిచ్చెనలెక్కి పోసేవాళ్లు. వత్తులు దేనితో చేసేవాళ్లో తెలుసా, యాజకుల పాత పైజామాలూ నడికట్లూ చింపి! యెరూషలేములో ఆ వెలుగు పడని వాకిలి లేదంటారు. ఎనిమిదో అధ్యాయంలో “నేను లోకమునకు వెలుగును” అన్న మాట ఎక్కడ చెప్పారో 20వ వచనంలో ఉంది చూడండి, కానుక పెట్టె దగ్గర. పేద విధవరాలు రెండు కాసులు వేసింది కూడా అలాంటి పెట్టెలోనే, ఆ పెట్టెలుండేది ఈ స్త్రీల ఆవరణంలోనే అని ఎక్కువమంది పండితుల మాట. అంటే దీపాలు పెట్టిన చోటే.

మధ్యలో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ ఉంది కదా అంటారేమో. అది అతి పాత రాతప్రతుల్లో లేదు, చాలా బైబిళ్లలో కింద నోట్ కూడా ఉంటుంది. కథ నాకిష్టమే, కానీ దాన్ని పక్కనపెట్టి 7:52 నుంచి నేరుగా 8:12కి వెళ్లి చూడండి, నీళ్ల మాట తర్వాత వెంటనే వెలుగు మాట వస్తుంది. ఈ రెండూ ఒకేచోట ఇంకెక్కడున్నాయంటే జెకర్యా 14లో: సాయంకాలమప్పుడు వెలుతురు, యెరూషలేములోంచి జీవజలాలు, ఈ పండగకు రానివాళ్లకు వాన లేకపోవడం. పండగ మొదటి రోజు సమాజమందిరాల్లో ఈనాటికీ చదివేది ఆ అధ్యాయమే.

ఇది నాకు ఎవరు చెప్పారంటే, న్యూజెర్సీలో పనిచేసేటప్పుడు మా టీమ్‌లో ఉన్న ఒక యూదుడు. పండక్కి ఇంటికి పిలిచాడు, పెరట్లో ప్లైవుడ్ గోడలు, పైన వెదురు చాప, అందులోంచి చుక్కలు కనపడాలట. చలికి కోట్లు వేసుకునే సూప్ తాగాం. పండగ చివర్లో వాన కోసం ప్రార్థన చేస్తామన్నాడు. “ఇక్కడ బోలెడు వాన పడుతుందిగా” అన్నాను. “ఇక్కడికి కాదు, ఇశ్రాయేలుకి” అన్నాడు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. దేవాలయం క్రీ.శ. 70లో కూలింది, మిష్నా కూర్చింది సుమారు 200లో, కాబట్టి అందులో ప్రతి వివరం కళ్లారా చూసి రాసింది కాదు. అయినా అది పాత ఆధారమే. వాట్సాప్‌లో తిరిగే “యూదుల ఆచారాలు” అలా కాదు. యేసు సమాధిలో మడతపెట్టిన రుమాలు అంటే యజమాని మళ్లీ భోజనానికి వస్తాడని అర్థం అన్నదానికి ఏ యూదుల గ్రంథంలోనూ ఆధారం లేదు. అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లే ప్రధాన యాజకుడి కాలికి తాడు కట్టడం మధ్యయుగాల మాట. ఒంటె సూదిబెజ్జంలో దూరడం గురించి యేసు అన్న మాటకు చెప్పే, సూదిబెజ్జం అనే చిన్న ద్వారం ఆ కాలంలో ఉండేదనడానికీ ఆధారం లేదు. ప్రసంగంలో ఇలాంటిది వింటే “ఎక్కడుంది అయ్యగారూ?” అని మర్యాదగా అడగండి, తప్పేం లేదు.

తర్వాత 10:22 చూడండి, ఆలయ ప్రతిష్ఠిత పండుగ, చలికాలం. అది హనుక్కా. దాని కథ మన ప్రొటెస్టెంటు బైబిల్లో దొరకదు, మక్కబీయుల మొదటి గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉంది, కాబట్టి కథోలిక స్నేహితులెవరైనా ఉంటే వాళ్ల బైబిలు ఓ రోజు అడిగి తెచ్చుకోండి.