రంగులు పోయిన పక్షుల కోసం పార్కుకి వెళ్ళాలా?

"ఫాల్ మైగ్రేషన్‌లో, అంటే ఆకురాలే కాలంలో దక్షిణానికి వలస వెళ్ళేటప్పుడు, పక్షులకి రంగులుండవు, పాటలూ ఉండవు, కొత్తవాళ్ళు పార్కులో పక్షులు చూసే గ్రూప్ వాక్‌కి వెళ్ళి ఏం చూస్తారు?" అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. నన్నడిగితే పక్షులు చూడటం మొదలుపెట్టాల్సిందే ఫాల్‌లో. వసంతంలో నారింజ రంగు గొంతుతో కనిపించే బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ అనే చిన్న పిట్టని పుస్తకం పట్టుకున్న ఎవరైనా గుర్తుపడతారు. సెప్టెంబర్‌లో రంగు వెలిసిపోయాక పక్షి ఎలా కదులుతోంది, ఎంత ఎత్తులో తింటోంది, తోక ఆడిస్తోందా అని చూడక తప్పదు. కన్ను తేరేది అప్పుడే.

నేను వెళ్ళిన ఒక వాక్ గురించి చెప్తాను. ముందురోజు చలిగాలి దిగి, రాత్రంతా ఉత్తరం నుంచి వీచింది. అలాంటి రాత్రి తర్వాత పొద్దున్నే పార్కులో ఉండాలి. వార్బ్లర్లలాంటి చిన్న పక్షులు రాత్రిపూట ప్రయాణం చేసి, తెల్లారేసరికి ఎక్కడ పచ్చగా కనిపిస్తే అక్కడ దిగుతాయి. చుట్టూ అంతా కాంక్రీటే అయితే ఆ పార్కే వాటికి దిక్కు. మమ్మల్ని తీసుకెళ్ళిన పెద్దావిడ తొలి ఎండ పడుతున్న ఓక్ చెట్టు దగ్గర ఆగిపోయారు. ఎండ తగిలిన కొమ్మల్లో ముందు పురుగులు కదులుతాయి, వాటి కోసం పక్షులొస్తాయి అన్నారు.

అన్నట్టే ఒక పిట్ట వచ్చింది. ఒళ్ళంతా పసుపు కలిసిన ఆకుపచ్చ, రెక్క మీద రెండు తెల్ల చారలు. ఒకరు పైన్ వార్బ్లర్ అన్నారు, ఇంకొకరు బే-బ్రెస్టెడ్ వార్బ్లర్ అన్నారు. ఆవిడ "పాదాలు చూడండి" అని ఊరుకున్నారు. అందరం బైనాక్యులర్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డాం. అది ఆకు కింద గొంగళిపురుగు కోసం తలకిందులుగా వేలాడినప్పుడు కనిపించాయి, పసుప్పచ్చని వేళ్ళు! బ్లాక్‌పోల్ వార్బ్లర్. బే-బ్రెస్టెడ్‌కైతే పాదాలు నల్లగా ఉంటాయి. ఒంటరిగా వెళ్ళుంటే పాదాల వైపు నా చూపే పోయేది కాదు.

మామూలుగా 12 గ్రాములుండే ఈ పిట్ట అట్లాంటిక్ మీదుగా ఆగకుండా రెండు మూడు రోజులు ఎగురుతుంది. వీపుకి చిన్న పరికరాలు కట్టి చూసి, 2015లో శాస్త్రవేత్తలు దీన్ని నిరూపించారు. ఒక్క దమ్ములో 2,270 నుంచి 2,770 కిలోమీటర్లు! బయల్దేరేముందు తిని తిని బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. అంటే ఆ పొద్దున అది తింటున్న ఒక్కో పురుగూ సముద్రం దాటడానికి ఇంధనమే.

అందుకే ఫోన్‌లో కూతలు వినిపించి పక్షుల్ని బయటికి రప్పించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆరోజు మాతో వచ్చినాయన ఒకరు ఫొటో కోసం అదే పని చేశారు. తింటున్న పక్షులు తిండి మానేసి ఆ చప్పుడు వైపు ఎగిరొచ్చి, లేని శత్రువు కోసం కొమ్మకొమ్మా వెతికాయి. ఆవిడ మర్యాదగానే ఆపించారు, నేనైతే అంత మర్యాదగా చెప్పలేకపోయేదాన్ని. ఇంకో బాధ, చూసిన పక్షుల లిస్టుల పిచ్చి. పేరు టిక్ పెట్టగానే పక్షికి వీపు తిప్పేస్తారు. రెండు నిమిషాలు ఆగితే అది ఎలా బతుకుతుందో కనిపిస్తుంది కదా!

సామాన్ల గురించి టెన్షన్ వద్దు. 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) ఉంటే చాలు, కెమెరా మొదట్లో ఇంట్లోనే పెట్టండి. చిన్న గ్రూప్ చూసుకోండి, మనుషులు ఎక్కువైతే వెనకున్నవాళ్ళకి ఏమీ కనబడదు. చేరేముందు మాత్రం ఫోన్‌లో కూతలు పెడతారా అని అడగండి. పెడతాం అంటే ఇంకో గ్రూప్ వెతుక్కోండి.