డాక్టరు గది పక్కన ఇంకో గది

(కంటిచూపు గురించి పాఠకులు రాసిన ఉత్తరాలకు, తిరుపతిలో ఇరవై రెండేళ్ళుగా లో విజన్, అంటే అద్దాలూ వైద్యమూ ఇచ్చినా పూర్తిగా సరికాని తక్కువ చూపు, విభాగంలో పనిచేస్తున్న ఆప్టోమెట్రిస్టు, అంటే చూపు పరీక్షించే నిపుణురాలు, ఇచ్చే జవాబులు)

ప్రశ్న: మేడం, నేను బీఆప్టమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) నాలుగో ఏడాదిలో, ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. మా క్లాసువాళ్ళు చాలామంది కళ్ళజోళ్ళ షోరూముల్లో చేరిపోతున్నారు. నాకు మాత్రం లో విజన్ మీద మనసుంది. "అందులో ఏముంది, భూతద్దాలు ఇవ్వడమేగా, దానికి మళ్ళీ వేరే ట్రైనింగ్ ఎందుకు" అని ఇంట్లో, బయట అందరూ అంటున్నారు. నిజంగా అంత నేర్చుకోవాల్సింది ఉందా? బతుకుదెరువు ఉంటుందా?
– ఓ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. భూతద్దం దగ్గరే మొదలుపెడతాను. నా మొదటి తప్పు జరిగింది అక్కడే.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్ముకునే ఓ అవ్వ వచ్చింది. డెబ్బై దాటాయి. రెండు కళ్ళలోనూ మాక్యులా దెబ్బతింది. అంటే రెటీనా నడిమి భాగం. సూటిగా దేన్ని చూస్తే దాని మీదే మసక మచ్చ పడుతుంది, చుట్టుపక్కల మాత్రం కనిపిస్తుంది. అద్దాలు పెట్టినా చూపు 6/60. అంటే మంచి చూపున్నవాళ్ళు అరవై మీటర్ల నుంచి గుర్తుపట్టేదాన్ని ఆమె ఆరు మీటర్ల దగ్గరికి వస్తేగానీ గుర్తుపట్టలేదు. డాక్టరుగారు చేయగలిగిన వైద్యం అయిపోయింది, నా గదికి పంపారు. పుస్తకంలో చదివిన లెక్క నాకు నోటికి వచ్చు: అరవైని ఆరుతో భాగిస్తే పది, కాబట్టి పది డయాప్టర్ల పవరుతో మొదలుపెట్టాలి, కాగితం పది సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అవ్వకు అంకెలు తెలుసు. అంకెల కార్డు పెట్టి నలభై నిమిషాలు కూర్చోబెట్టాను. చిన్న అంకెలు కూడా చదివేసింది. పొంగిపోయి భూతద్దం చేతిలో పెట్టి పంపాను.

మూడు వారాలకు అదే డబ్బాతో తిరిగొచ్చింది. "ఇది నాకేం పనికొస్తాదిమ్మా? నాకు సదువు రాదు. పూలు కట్టేదానికి రెండు చేతులూ కావాల. ఒక చేత్తో దీన్ని పట్టుకుంటే నార ఎవురు పట్టుకుంటారు?" అంది. కోపంగా కూడా అనలేదు. ఆమె పొద్దున లేస్తే ఏం చేస్తుందో నేను ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మా సీనియర్ ఆమెను మర్నాడు పూలబుట్టతో రమ్మన్నారు. అవ్వ గది మధ్యలో నేల మీద కూర్చుంది. తెల్లటి చీర, ఒళ్ళో తెల్లటి మల్లెమొగ్గలు, వాటిలో కలిసిపోయే అరటినార, ఎదురుగా కళ్ళలోకి కొట్టే ట్యూబ్‌లైటు. సీనియర్ మొదట ఆ లైటు ఆపేశారు. టేబుల్ ల్యాంపు తెచ్చి అవ్వ ఎడమ భుజం వెనక నుంచి వెలుగు ఒళ్ళో పడేట్టు పెట్టారు. ఒళ్ళో నల్లగుడ్డ పరిచారు. "మొగ్గను చూడొద్దవ్వా, మొగ్గకు కొంచెం పైన చూడు" అన్నారు. పాడైన నడిమి భాగాన్ని పక్కకు తప్పించి, బాగున్న భాగంతో చూడటం అలవాటు చేయడమన్నమాట. మొదటి రెండు ముళ్ళు జారిపోయాయి. తర్వాత వేళ్ళకు పాత వేగం వచ్చింది. మధ్యాహ్నానికి మూరెడు కట్టింది. భూతద్దం డబ్బా నా టేబుల్ మీదే ఉండిపోయింది.

అందుకే నా దగ్గరికి వచ్చే ఇంటర్న్‌లను మొదటి మూడు రోజులు లెన్సు ముట్టుకోనివ్వను. పేషెంటు లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేస్తారో, ఎక్కడ ఆగిపోతున్నారో అడిగి రాసుకోమంటాను. షుగర్ మాత్ర ఏదో బీపీ మాత్ర ఏదో తెలియడం లేదు, సంగటి ఉడికిందో లేదో కనిపించడం లేదు, మనవరాలి మొహం ఆనడం లేదు. ఇలాంటివి ఏ చార్టులోనూ ఉండవు.

ఇక లెక్కల సంగతి. ఫార్ములా అరగంటలో వస్తుంది. పవరు పెరిగేకొద్దీ కాగితం దగ్గరికి రావాలి, ఒక్కసారికి కనిపించే అక్షరాలు తగ్గిపోతాయి. ఇది పేషెంటుకు చెప్పినా సరిపోదు. పాత అలవాటు కొద్దీ కాగితాన్ని మూరెడు దూరంలో పట్టుకుని "మసగ్గానే ఉంది" అంటారు. పక్కన కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుని, పది సెంటీమీటర్లకు తీసుకొచ్చి, వాక్యం చివరిదాకా చదివించాలి. చెయ్యి వణికేవాళ్ళకు స్టాండుతో ఉన్న అద్దం ఇవ్వాలి. ఈ ఓపిక చేతికి రావడానికే నెలలు పడుతుంది.

చార్టు మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోవద్దమ్మా. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న కుర్రాడు కుర్చీలో కూర్చుని 6/6 లైను చదివేయొచ్చు. బయటికి పోతూ స్టూలుకు తట్టుకుని పడతాడు. నడిమి చూపు బాగుండి చుట్టుపక్కల చూపు గొట్టంలోంచి చూసినట్టు కుంచించుకుపోతుంది. చీకటి పడితే అడుగు వేయలేడు. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇలా వంశంలో వచ్చేవి మన గదిలో తరచూ చూస్తాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మంచి కంట్లో చూపు 6/18 కంటే తగ్గి 3/60 దాకా ఉన్నా, చూపు పరిధి 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల దాకా ఉన్నా లో విజనే. ఫీల్డ్ టెస్టు, అంటే చూపు పరిధి కొలిచే పరీక్ష, చేయకుండా "నీ చూపు బ్రహ్మాండం" అని పంపేస్తే అతనికి సదరం సర్టిఫికెట్టు, అంటే వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం, దారి కూడా మూసుకుపోతుంది. సర్టిఫికెట్టు నియమాలు తెలియడం కూడా మన చదువులో భాగమే.

ఇంటర్న్‌ల చేత ఇంకొకటి చేయిస్తాను. కళ్ళజోడుకు బటర్ పేపర్ అంటించి పెట్టుకుని, మా గది నుంచి ఎదురు టీ కొట్టుదాకా వెళ్ళి, టీ కొని, చిల్లర లెక్కపెట్టుకుని రావాలి. తోడుగా ఒకరు వెనకే ఉంటారు. మెట్ల అంచు మీద పసుప్పచ్చ గీత ఎందుకు గీయమంటామో తిరిగొచ్చాక మళ్ళీ వివరించక్కర్లేదు.

ఎక్కడ నేర్చుకోవాలంటే, హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థలో, చెన్నైలో శంకర నేత్రాలయలో ఈ పని ఏళ్ళ తరబడి జరుగుతోంది. శంకర నేత్రాలయ వాళ్ళ ఆప్టోమెట్రీ కాలేజీ 1985 నుంచి ఉంది. నీకు చెన్నై దగ్గర. డిగ్రీ కాగానే లో విజన్ విభాగంలో శిక్షణకు ఏం అవకాశం ఉందో రెండుచోట్లా అడుగు. ఎక్కడ చేరినా, పేషెంటు ఇంటికి వెళ్ళే అవకాశం ఉందా అని తప్పకుండా కనుక్కో. ఇల్లు చూడని లో విజన్ చదువు సగం చదువే అని నా అభిప్రాయం.

జీతం మొదట్లో షోరూములో వచ్చేదాని కంటే తక్కువ ఉండొచ్చు. నీ దగ్గర ఆ మాట దాచను. 2021లో వచ్చిన చట్టం ఆప్టోమెట్రిస్టులను ఆరోగ్య వృత్తి నిపుణుల జాబితాలో చేర్చింది, గుర్తింపు విషయంలో అది మేలే. ఏదైనా కంటి ఆసుపత్రిలో చేరి, వారానికి ఒక పూట లో విజన్‌కు ఇమ్మని అడుగు. ఒక గది, మంచి చార్టు, పదీ పన్నెండు రకాల అద్దాలు, దూరానికి చూసే చిన్న టెలిస్కోపు, రీడింగ్ స్టాండు, ల్యాంపు ఉంటే మొదలుపెట్టొచ్చు. వరస తప్పకుండా చదవడానికి నల్ల అట్టలో సన్నని కిటికీ కోసి నువ్వే తయారుచేసుకోవచ్చు. నేను ఇప్పటికీ అవి ఇంట్లోనే కోసి తెస్తాను.

ప్రశ్న: తిరుపతిలో నాకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. చూపు తక్కువని వచ్చేవాళ్ళకు భూతద్దాలు అమ్ముతుంటాను. సగం మంది పనిచేయడం లేదని తిరిగి తెస్తున్నారు. మంచి కంపెనీవి ఏవి?
– షాపు యజమాని, తిరుపతి

జవాబు: కంపెనీ మారిస్తే ఒరిగేదేమీ లేదండీ. పై జవాబులో అవ్వ కథ చదవండి. కళ్ళజోడు పెట్టినా చూపు 6/18కి రాని ప్రతి ఒక్కరినీ ముందు కంటి డాక్టరుకు, అక్కడి నుంచి లో విజన్ గదికి పంపండి. మళ్ళీ అద్దం కొనడానికి మీ దగ్గరికే వస్తారు, అప్పుడు వాళ్ళ చేతిలో సరైన చీటీ ఉంటుంది.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. పుట్టుకతో ఒళ్ళంతా తెలుపు, జుట్టు తెలుపు, కనుగుడ్లు కదులుతూ ఉంటాయి. బోర్డు కనపడదు. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతాడు, తల పక్కకు వంచి చూస్తాడు. ఇలా చదివితే ఉన్న చూపు కూడా పోతుందని మా అత్తగారు పుస్తకం లాగేస్తున్నారు. "ఇంక చేసేదేమీ లేదు" అని ఓ చోట చెప్పారు.
– ఓ తల్లి, పుత్తూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి. దగ్గరగా పెట్టుకుని చదివితే చూపు పోదు. దగ్గరికి తెస్తే అక్షరం పెద్దగా కనిపిస్తుంది, బాబు తన భూతద్దం తనే కనిపెట్టుకున్నాడు. తల వంచినప్పుడు వాడి కనుగుడ్ల కదలిక తగ్గుతుంది, అందుకే వంచుతాడు. సరిచేయకండి. కొత్తగా వచ్చిన మా ఇంటర్న్‌లు కూడా పరీక్ష చేస్తూ ఇలాంటి పిలకాయల గడ్డం పట్టుకుని తిన్నగా తిప్పేస్తారు, నేను ఆపుతాను.

బోర్డుకు నాలుగు రెట్లు పెద్దది చేసి చూపే చిన్న టెలిస్కోపు పనికిరావచ్చు. దాన్ని బోర్డు మీదికి తిప్పి, అక్షరం పట్టుకుని, నోటుబుక్కులో రాయడం అలవాటు కావాలి. కొన్నిచోట్ల కొనిచ్చి పంపేస్తారు, నేర్పరు. అలా కాకుండా నేర్పించేచోటే తీసుకోండి. ముందు బెంచీ, కిటికీ వెలుగు మొహాన కొట్టని వైపు. ఎండలో టోపీ, రంగు అద్దాలు, పొడుగు చేతుల చొక్కా. చర్మానికి కూడా ఎండ మంచిది కాదు.

పై ఏడాది పదో తరగతి కదా, సదరం సర్టిఫికెట్టు పని ఈ ఏడాదే మొదలుపెట్టండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకు పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. హెడ్మాస్టరుగారితో ముందే మాట్లాడి పెట్టుకోండి, పరీక్షల ముందు టెన్షన్ ఉండదు.

ప్రశ్న: మా అమ్మకు 74. షుగర్ వల్ల రెండు కళ్ళూ బాగా దెబ్బతిన్నాయి. రెండు నెలలుగా సాయంత్రం పూట గోడ పక్కన పట్టులంగాలు కట్టుకున్న చిన్నపిల్లలు నిలబడి ఉన్నారంటోంది. మాట్లాడరట, కాసేపుండి పోతారట. "అక్కడ ఎవరూ లేరని నాకూ తెలుసు, కానీ కనిపిస్తున్నారు" అంటోంది. తాయెత్తు కట్టించాం. మతి పోతోందా?
– శ్రీకాళహస్తి

జవాబు: మీ అమ్మగారు చెప్పిన ఆ చివరి మాట చాలా ముఖ్యమైనది. లేరని ఆమెకు తెలుసు. మాటలు వినిపించడం లేదు. చూపు బాగా తగ్గినవాళ్ళలో ఇది జరుగుతుంది. కంటి నుంచి బొమ్మలు రావడం తగ్గిపోతే మెదడు తానే బొమ్మలు తయారుచేసుకుంటుంది. 1760లో స్విట్జర్లాండుకు చెందిన షార్ల్ బొనే తన తాతగారికి ఇలా కనిపించడం గురించి రాశాడు. అందుకే దీన్ని షార్ల్ బొనే సిండ్రోమ్ అంటారు. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు.

నా గదికి వచ్చే పెద్దవాళ్ళలో ఈ సంగతి తమంతట తాము చెప్పేవాళ్ళు అరుదు. పిచ్చి అంటారేమోనని కొడుకులకు కూడా చెప్పరు. అందుకని "లేనివి ఏమైనా కనిపిస్తున్నాయామ్మా" అని మెల్లగా అడగడం మా ఇంటర్న్‌లకు నేర్పుతాను. అడగగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

కళ్ళ డాక్టరుకు, షుగర్ డాక్టరుకు ఇద్దరికీ ఈ విషయం చెప్పండి. మాటలు కూడా వినిపించడం, అవి నిజమేనని నమ్మడం, జ్వరంతో తికమక పడటం, మతిమరుపు ఉన్నట్టుండి పెరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో అయితే పొద్దు వాలకముందే లైట్లు వేయండి. పిల్లలు కనిపించినప్పుడు గోడను అలాగే చూస్తూ ఉండకుండా, కళ్ళు గట్టిగా మూసి తెరిచి, చూపు ఓసారి కుడికీ ఓసారి ఎడమకూ తిప్పమనండి. చాలామందికి దాంతో మాయమవుతాయి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, ఆమెకు ధైర్యంగా ఉంటుంది. ఈ రాత్రి మాత్రం పక్కన కూర్చుని, ఆ పిల్లలు ఏ రంగు లంగాలు కట్టుకున్నారో అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి.